షియాన్: పాతదేదో, కొత్తదేదో తెలిసి చూడవలసిన నగరం

చైనా నడిమధ్యన, షాన్షీ ప్రావిన్సులో, హొవాంగ్‌హో నదికి ఉపనది అయిన వెయ్ నది మైదానంలో షియాన్ నగరం ఉంది. దక్షిణాన చిన్‌లింగ్ పర్వతశ్రేణి, తూర్పున ఇరుకైన కనుమదారులు సహజ రక్షణగా నిలవడం, నేల సారవంతమై సమృద్ధిగా పంటలు పండటం వల్ల, క్రీ.పూ. 11వ శతాబ్దంలో రాజ్యానికి వచ్చిన చౌ వంశం మొదలుకొని క్రీ.శ. 907లో అంతరించిన టాంగ్ వంశం వరకు పది పైచిలుకు రాజవంశాలు తమ రాజధానిని ఈ మైదానంలోనే నెలకొల్పుకున్నాయి. హాన్, టాంగ్ చక్రవర్తుల కాలంలో చాంగాన్ అని పిలిచిన ఈ నగరానికి షియాన్ అనే పేరు 14వ శతాబ్దంలో, మింగ్ వంశపు పాలనలో స్థిరపడింది. మధ్య ఆసియా గుండా పశ్చిమ దేశాలకు సాగిన వర్తక మార్గాలకు, అంటే నేడు పట్టుదారి అని పిలుచుకునే బాటలకు, ఇదే తూర్పు కొస. 2020 జనగణన ప్రకారం కోటీ 29 లక్షలకు పైగా జనాభా ఉన్న ఈ నగరం ఇప్పుడు మెట్రో రైళ్లు, ఎత్తైన భవనాలు, విశ్వవిద్యాలయాలు, పరిశ్రమలతో నిండిన మహానగరం.

ఇంత సుదీర్ఘ చరిత్ర ఉన్నచోట కనిపించే ప్రతి పాత రూపమూ నిజంగా పాతదేనని యాత్రికులు అనుకోవడం సహజం. అయితే షియాన్‌లోని కట్టడాలు మూడు తరగతులకు చెందినవి. కాలానికి తట్టుకుని, మరమ్మతులతో నేలమీద నిలిచినవి కొన్ని. మట్టిలో కూరుకుపోయి తవ్వకాల్లో బయటపడినవి కొన్ని. పాత శైలిని అనుసరించి గత నలభై ఏళ్లలో కొత్తగా కట్టినవి కొన్ని. ఈ మూడింటికీ వాటి వాటి విలువ ఉంది. ఏది ఏ తరగతికి చెందినదో తెలుసుకుని చూసినప్పుడే ఈ నగరం చూపరికి పూర్తిగా అర్థమవుతుంది.

టాంగ్ రాజధాని నిర్మాణ ప్రణాళిక

నేటి షియాన్ వీధులు చాలావరకు ఉత్తర దక్షిణాలుగా, తూర్పు పడమరలుగా తిన్నగా సాగడానికి మూలం క్రీ.శ. 582లో సూయి వంశపు చక్రవర్తి వేయించిన నగర ప్రణాళికలో ఉంది. 618లో అధికారానికి వచ్చిన టాంగ్ వంశం దానినే స్వీకరించి విస్తరించింది. తూర్పు పడమరలుగా సుమారు 9.7 కిలోమీటర్లు, ఉత్తర దక్షిణాలుగా సుమారు 8.6 కిలోమీటర్లు, మొత్తం 84 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణం గల ఆ రాజధానిని చదరంగపు గళ్ల తీరున చుట్టూ ప్రహరీలున్న పేటలుగా విభజించారు. పొద్దుగూకగానే నగారా మోగేది, పేటల తలుపులు మూతపడేవి, తెల్లవారి మళ్లీ నగారా వినిపించేవరకు పెద్ద వీధుల్లో సంచారం నిషిద్ధంగా ఉండేది. వ్యాపారానికి తూర్పు అంగడి, పడమటి అంగడి అని రెండు చోట్లు కేటాయించారు. మధ్య ఆసియా, పారశీక దేశాల నుంచి వచ్చే వర్తకులు ఎక్కువగా పడమటి అంగడిలో మకాం చేసేవారు.

ఆ కాలంలో నగర జనాభా దాదాపు పది లక్షలని చరిత్రకారుల అంచనా. జపాన్ పాలకులు 710లో నారాను, 794లో క్యోటోను రాజధానులుగా నిర్మించినప్పుడు చాంగాన్ ప్రణాళికనే నమూనాగా తీసుకున్నారు. అయితే 904లో ఒక సేనాని చక్రవర్తిని బలవంతంగా లోయాంగ్ నగరానికి తరలిస్తూ, చాంగాన్‌లోని భవనాలను విప్పించి, వాటి కలపను వెయ్ నదిలో తేలవేసి తీసుకుపోయాడు. చైనాలో ప్రాచీన భవనాలు ప్రధానంగా కలపతో కట్టినవి కావడం వల్ల, ఆ విధ్వంసం తరువాత మహానగరంలో మిగిలినవి ఇటుక కట్టడాలు, రాతి శాసనాలు, దిమ్మిస కొట్టిన మట్టి పునాదులు మాత్రమే. షియాన్‌లో టాంగ్ కాలపు చెక్క భవనం ఒక్కటీ కనిపించకపోవడానికి కారణం ఇదే.

కోటగోడ, గంట బురుజు, నగారా బురుజు

నగరం నడుమ ఉన్న కోటగోడ టాంగ్ కాలానిది కాదు. మింగ్ వంశ స్థాపకుడైన హొంగ్‌వూ చక్రవర్తి హయాంలో 1370ల్లో, టాంగ్ కాలపు పరిపాలనా ప్రాంగణపు గోడ పునాదులను కలుపుకొని, ఉత్తరానికి, తూర్పుకు విస్తరించి దీనిని కట్టారు. చుట్టుకొలత 13.7 కిలోమీటర్లు, ఎత్తు 12 మీటర్లు, అడుగున వెడల్పు 15 నుంచి 18 మీటర్లు, పైభాగంలో 12 నుంచి 14 మీటర్లు. పొరలు పొరలుగా మట్టి పోసి, దిమ్మిసలతో గట్టిపరచి లేపిన ఈ గోడకు 16వ శతాబ్దంలో బయటివైపు ఇటుక తొడుగు వేశారు.

గోడ నిర్మాణంలో యుద్ధనీతి స్పష్టంగా కనిపిస్తుంది. సుమారు 120 మీటర్లకు ఒకటి చొప్పున గోడ నుంచి బయటకు పొడుచుకు వచ్చిన చదరపు బురుజులు ఉన్నాయి. రెండు బురుజుల మధ్య దూరంలో సగం ఆనాటి బాణం గురి తప్పకుండా తాకగల దూరం కాబట్టి, గోడ ఎక్కబోయిన శత్రువు మీద రెండు పక్కల నుంచీ బాణాలు కురిపించే వీలుండేది. ప్రధాన ద్వారాల వద్ద ఒక గోడ వెనుక మరొక గోడ కట్టి, నడుమ నలుచదరపు ఆవరణ విడిచారు. బయటి ద్వారాన్ని పగలగొట్టి లోపలికి చొరబడిన సైన్యం ఆ ఆవరణలో చిక్కుకుని నాలుగు వైపుల నుంచీ దాడికి గురయ్యేది. యోంగ్‌నింగ్ ద్వారం అనే దక్షిణ ద్వారం వద్ద ఈ ఏర్పాటును చక్కగా గమనించవచ్చు.

20వ శతాబ్దపు నడుమ చైనాలోని అనేక నగరాలు రహదారుల కోసం తమ కోటగోడలను కూల్చివేశాయి. బీజింగ్ గోడలో చాలా భాగం అలాగే పోయింది. షియాన్ గోడకు 1961లో జాతీయ రక్షిత కట్టడం హోదా లభించింది. 1983లో మొదలైన భారీ పునరుద్ధరణలో గోడ తెగిన చోట్లను పూడ్చి, అగడ్తను శుభ్రపరచి, దాని వెంట ఉద్యానాలు పెంచారు. రైల్వే స్టేషన్ దగ్గర గోడ తెగిన చోటును రోడ్డు మీదుగా వంతెన ఆకారంలో కలపడం వల్ల ఇప్పుడు గోడ మీద పూర్తి ప్రదక్షిణ చేయడం సాధ్యం. అద్దెకు దొరికే సైకిల్ మీద దాదాపు రెండు గంటల్లో చుట్టిరావచ్చు. గోడ లోపలి భవనాలకు ఎత్తు పరిమితి ఉండటం, బయట ఆకాశహర్మ్యాలు లేవడం వల్ల, ఈ ప్రయాణంలో ఒకవైపు పాత ఊరు, మరొకవైపు కొత్త నగరం ఏకకాలంలో కనిపిస్తాయి.

గోడ లోపల నాలుగు ప్రధాన వీధులు కలిసే కూడలిలో గంట బురుజు ఉంది. 1384లో మరొకచోట కట్టిన ఈ చెక్క కట్టడాన్ని, నగర కేంద్రం తూర్పుకు జరిగినందున, 1582లో విప్పి ప్రస్తుత స్థలానికి తరలించి నిలిపారు. దానికి పడమటగా 1380లో కట్టిన నగారా బురుజు ఉంది. తెల్లవారగానే గంట, సాయంత్రం నగారా మోగించి నగరానికి వేళ తెలిపేవారు. చైనా పంచాంగం ప్రకారం సంవత్సరాన్ని 24 రుతుభాగాలుగా లెక్కిస్తారు గనుక నగారా బురుజు మీద ఆ 24 భాగాల పేర్లతో పెద్ద నగారాలు అమర్చారు.

శాసనాల వనం, తూర్పు పడమరల మసీదు

దక్షిణ ద్వారానికి చేరువలో, కోటగోడ లోపలి అంచున ఉన్న బెయ్‌లిన్ మ్యూజియం, అంటే శాసనాల వనం, చదువరులు తప్పక చూడవలసిన చోటు. టాంగ్ కాలపు శాసనాలు రక్షణ లేక పాడవుతున్నాయని సోంగ్ వంశ పాలనలో 1087లో వాటిని ఒకచోటికి చేర్చడంతో ఈ సంగ్రహం ప్రారంభమైంది. నిలువెత్తు రాతి ఫలకాలు వరుసలుగా నిలిచిన ఈ మందిరాల్లో అన్నిటికంటే విశిష్టమైనది 837లో పూర్తయిన రాతి గ్రంథాలయం. కన్ఫ్యూషియస్ సంప్రదాయంలోని పన్నెండు ప్రామాణిక గ్రంథాల పాఠాన్ని 114 ఫలకాల మీద ఇరువైపులా ఆరున్నర లక్షల అక్షరాల్లో చెక్కించారు. చేతిరాత ప్రతుల్లో తప్పులు దొర్లుతున్న కాలంలో, ప్రభుత్వ పరీక్షలకు చదివే విద్యార్థులు సరిచూసుకోవడానికి ఇది ప్రమాణపాఠంగా ఉపయోగపడింది. తడిపిన పలుచని కాగితాన్ని రాతిమీద అంటించి, కుచ్చుతో అద్ది, సిరా పూసి అచ్చు తీసే పద్ధతి ఇలాంటి శాసనాల చుట్టూనే పెరిగింది. అలా తీసిన కాగితం మీద నేల నల్లగా, అక్షరం తెల్లగా నిలుస్తుంది.

అదే మ్యూజియంలో 781 నాటి మరొక ఫలకం ఉంది. 635లో అలొపెన్ అనే మతగురువు పశ్చిమం నుంచి చాంగాన్ చేరి క్రైస్తవాన్ని ప్రబోధించిన వైనం దానిమీద చైనా భాషలో ఉండగా, చివర్లోను అంచుల్లోను సిరియాక్ లిపి కనిపిస్తుంది. తూర్పు సిరియా సంఘానికి చెందిన ఈ క్రైస్తవశాఖ చైనాలో అంత ప్రాచీన కాలంలోనే ఉనికిలో ఉందనడానికి ఇది తిరుగులేని ఆధారం.

నగారా బురుజు వెనుక సందుల్లో హ్వే ముస్లింల పేట మొదలవుతుంది. పట్టుదారి వర్తకులతో, సైనికులతో వచ్చి స్థిరపడినవారి వారసులుగా, చైనా భాషనే మాతృభాషగా స్వీకరించిన సమాజం ఇది. వారి మహామసీదు ప్రస్తుత రూపం ప్రధానంగా మింగ్ కాలానిది. పొడవు సుమారు 250 మీటర్లు, వెడల్పు 47 మీటర్లు ఉన్న ఈ ప్రాంగణంలో ఒకదాని తరువాత ఒకటిగా ముంగిళ్లు, నీలిరంగు పెంకుల కప్పులు, చెక్కడపు తోరణాలు చైనా దేవాలయాల్లో ఉన్నట్లే ఉంటాయి. అజాన్ గోపురం స్థానంలో మూడు అంచెల ఎనిమిది కోణాల మంటపం నిలిచింది. చైనా ఆలయాలు సాధారణంగా దక్షిణ ముఖంగా ఉంటే, ఇక్కడ ప్రార్థన చేసేవారు మక్కా వైపు, అంటే పడమరకు తిరగాలి కాబట్టి, ప్రాంగణమంతా తూర్పు నుంచి పడమరకు సాగుతుంది. కట్టడపు శైలిని స్థానికంగా స్వీకరించి, దిక్కును మాత్రం విశ్వాసం నిర్ణయించిన ఈ మసీదును చూస్తే చాంగాన్ అన్యదేశాల వారిని ఎలా తనలో కలుపుకున్నదో బోధపడుతుంది.

హంస పేరిట రెండు పగోడాలు, ధాన్యకటకంతో బంధం

బౌద్ధ ధాతువులను, గ్రంథాలను భద్రపరచడానికి భారతదేశంలో నిర్మించిన స్తూపం, చైనాకు చేరాక అంతస్తుల గోపురంగా మారింది. దానినే పగోడా అంటారు. షియాన్‌లోని పెద్ద హంస పగోడా 652లో బౌద్ధ యాత్రికుడు హ్యుయన్‌త్సాంగ్ అభ్యర్థన మీద, తరువాత చక్రవర్తి అయిన యువరాజు తన తల్లి స్మృత్యర్థం 648లో స్థాపించిన త్సుఅన్ ఆలయ ప్రాంగణంలో వెలసింది. మగధలో హంస పేరిట తాను చూసిన స్తూపం గురించి హ్యుయన్‌త్సాంగ్ రాసిన కథనమే ఈ పేరుకు మూలమని చెబుతారు. నిర్మాణ సమయంలో ఆయన స్వయంగా ఇటుకలు, రాళ్లు మోశాడని శిష్యులు కూర్చిన జీవితచరిత్రలో ఉంది.

629 ప్రాంతంలో చాంగాన్ విడిచి, మధ్య ఆసియా ఎడారులు దాటి భారతదేశం చేరిన హ్యుయన్‌త్సాంగ్ 645లో 657 గ్రంథాలతో తిరిగివచ్చాడు. 664లో మరణించేవరకు బృందంతో కూర్చుని 75 గ్రంథాలను చైనా భాషలోకి అనువదించాడు. తెలుగు పాఠకులకు ఈ పగోడా పరాయి కట్టడం కాకపోవడానికి బలమైన కారణం ఉంది. దక్షిణాపథ యాత్రలో ఆయన ఆంధ్ర దేశానికి, ధాన్యకటకానికి వచ్చాడు. ఆయన పేర్కొన్న ఆంధ్ర రాజధానిని చరిత్రకారులు ఏలూరు సమీపంలోని వేంగిగా, అంటే నేటి పెదవేగిగా గుర్తిస్తారు. ధాన్యకటకం నేటి అమరావతి, ధరణికోట ప్రాంతం. అక్కడ విహారాలు అనేకం ఉన్నా చాలావరకు పాడుపడ్డాయని, ఇరవై దాకా మిగిలి ఉన్నాయని, వాటిలో వెయ్యిమంది భిక్షువులు ఉన్నారని ఆయన నమోదు చేశాడు. అక్కడే కొన్ని నెలలు నిలిచి, ఇద్దరు భిక్షువుల వద్ద మహాసాంఘిక శాఖకు చెందిన అభిధర్మ శాస్త్రాలను, అంటే బౌద్ధ తాత్త్విక విశ్లేషణ గ్రంథాలను అధ్యయనం చేశాడు. వారు ఆయన వద్ద మహాయాన శాస్త్రాలు నేర్చుకున్నారు. 646లో చాంగాన్‌లో పూర్తయిన ఆయన యాత్రాగ్రంథం, ఏడవ శతాబ్దపు ఆంధ్ర దేశ చరిత్రకు నేటికీ ముఖ్యమైన ఆధారాల్లో ఒకటి. కృష్ణాతీరపు విహారాల్లో గురుశిష్యుల నడుమ సాగిన చదువు ఈ నగరంలో గ్రంథరూపం పొందిందన్న ఎరుకతో మెట్లెక్కే తెలుగు యాత్రికునికి ఈ గోపురం మరింత దగ్గరవుతుంది.

తొలి నిర్మాణంలో మట్టి ఎక్కువగా వాడినందున అది యాభై ఏళ్లలోనే శిథిలమైంది. వూ జెతియెన్ మహారాణి కాలంలో, 701 నుంచి 704 మధ్య ఇటుకతో తిరిగి కట్టారు. మింగ్ కాలంలో మరొక ఇటుక పొర తొడిగారు. ప్రస్తుతం ఏడంతస్తులతో 64 మీటర్ల ఎత్తున్న ఈ గోపురపు దక్షిణ ద్వారానికి ఇరువైపులా గూళ్లలో రెండు శాసనాలు ఉన్నాయి. హ్యుయన్‌త్సాంగ్ అనువాదాలకు ఇద్దరు చక్రవర్తులు రాసిన పీఠికలను చు స్వీలియాంగ్ అనే ప్రసిద్ధ లేఖకుడి దస్తూరిలో 653లో చెక్కించిన ఆ ఫలకాలు చైనా అక్షరకళకు ప్రమాణాలుగా పరిగణన పొందాయి. టాంగ్ కాలంలో రాజ్యస్థాయి పరీక్షల్లో ఉత్తీర్ణులైనవారు ఇక్కడికి వచ్చి తమ పేర్లు రాసి వెళ్లే ఆచారం ఉండేది.

20వ శతాబ్దంలో నగరం భూగర్భజలాన్ని విపరీతంగా తోడుకోవడంతో నేల కుంగి పగోడా ఒరిగింది. 1990ల నాటికి ఆ ఒరుగు సుమారు ఒక మీటరుకు చేరింది. దూరపు జలాశయం నుంచి నీరు తెప్పించి, బోర్ల వాడకాన్ని అదుపు చేశాక పరిస్థితి నెమ్మదిగా మెరుగుపడింది. పురాతన కట్టడాన్ని కాపాడటం రాతి పనితో ముగియదని, నగరపు నీటి సరఫరా విధానంతో కూడా ముడిపడి ఉంటుందని ఈ ఉదంతం నిరూపిస్తుంది.

707 నుంచి 709 మధ్య కట్టిన చిన్న హంస పగోడా దీనికి వాయవ్యంగా ఉంది. సముద్రమార్గంలో భారతదేశానికి వెళ్లి, 695లో గ్రంథాలతో తిరిగివచ్చిన భిక్షువు ఇత్సింగ్ ఈ పగోడా ఉన్న ఆలయంలోనే అనువాదాలు సాగించాడు. మొదట పదిహేను అంతస్తులు ఉన్న ఈ సన్నని గోపురపు పై రెండు అంతస్తులు 1556 జనవరి 23 నాటి షాన్షీ భూకంపంలో కూలిపోయాయి. సుమారు 8,30,000 మందిని బలిగొన్న ఆ భూకంపం, చరిత్రలో నమోదైన వాటిలో అత్యధిక ప్రాణనష్టం కలిగించినది. తరువాతి కాలం వారు పైభాగాన్ని ఊహించి తిరిగి కట్టలేదు. విరిగిన శిఖరంతో, 43 మీటర్ల ఎత్తుతో మిగిలినదాన్ని మిగిలినట్లే పటిష్ఠం చేశారు.

మట్టి సైన్యం

నగరానికి తూర్పున సుమారు 35 కిలోమీటర్ల దూరంలో, లిన్‌టోంగ్ వద్ద 1974 మార్చిలో బావి తవ్వుతున్న రైతులకు కాల్చిన మట్టితో చేసిన శిల్పాల ముక్కలు దొరికాయి. అవి క్రీ.పూ. 221లో చైనాను ఏకం చేసి, తొలి చక్రవర్తిగా ప్రకటించుకుని, క్రీ.పూ. 210లో మరణించిన చిన్ షి హువాంగ్ సమాధికి కాపలాగా పూడ్చిన సైన్యంలోనివని తేలింది. ఆ తరువాత వందేళ్లకు చరిత్ర రాసిన సీమా చియెన్ ఈ సమాధి నిర్మాణానికి ఏడు లక్షల మంది పనిచేశారని, లోపల పాదరసంతో నదుల రూపాలు ఏర్పరిచారని వర్ణించినా, ఈ మట్టి సైన్యం ఊసు ఎత్తలేదు.

మొదటి గుంట పొడవు 230 మీటర్లు, వెడల్పు 62 మీటర్లు. దానిలో సుమారు 6,000, మొత్తం గుంటల్లో సుమారు 8,000 బొమ్మలు ఉంటాయని పురావస్తు శాస్త్రవేత్తల అంచనా. బొమ్మల చేతులు, కాళ్లు, మొండాలు, తలలు విడివిడిగా చేసి కలిపారు. ముఖాలకు అచ్చు వాడినా, మీసం, కనుబొమ, చెవి, సిగ వంటి వివరాలు ప్రతి బొమ్మకూ చేతితో తీర్చారు. పని తనిఖీకి వీలుగా కుమ్మరుల పేర్లు బొమ్మల మీద ముద్రించారు. రెండవ గుంటలో దొరికిన, ఒక మోకాలు నేలకానించి కూర్చున్న విలుకాడి బొమ్మను వెనుకవైపు నుంచి చూస్తే, పైకి తేలిన చెప్పు అడుగున కుట్లు కనిపిస్తాయి. మడమ దగ్గర, వేళ్ల దగ్గర దట్టంగా, నడుమ పలచగా వేసిన ఆ కుట్లను చూస్తే, ఎవరికీ కనిపించని నేలమాళిగలో నిలవబోయే బొమ్మకు కూడా పనివాడు ఎంత శ్రద్ధ చూపాడో తెలుస్తుంది.

ఈ సైనికులు మొదట మట్టిరంగులో లేరు. చెట్టుపాల పూత మీద ఎరుపు, ఆకుపచ్చ, ఊదా రంగులు వేసి ఉండేవి. రెండు వేల ఏళ్లు తడినేలలో ఉన్న ఆ పూత, తవ్వి గాలి తగిలించిన కొద్ది నిమిషాల్లోనే ఎండి, ముడుచుకుని రాలిపోతుంది. పైగా చక్రవర్తి మరణానంతరం జరిగిన తిరుగుబాట్లలో గుంటల పైకప్పు కాలికూలి, బొమ్మలు ముక్కలయ్యాయి. నేడు వరుసగా నిలిచిన దాదాపు ప్రతి సైనికుడూ ముక్కలు అతికి నిలబెట్టినవాడే. రంగులు నిలిపే రసాయన పద్ధతులు మెరుగుపడుతున్నా, తవ్వకాలు కావాలనే నెమ్మదిగా సాగుతున్నాయి. చక్రవర్తి అసలు సమాధిని ఇంతవరకు తెరవలేదు. గుట్ట మీది మట్టిలో పాదరసం మోతాదు అసాధారణంగా ఎక్కువగా ఉన్నట్లు పరీక్షల్లో తేలింది. లోపలి వస్తువులను చెడకుండా కాపాడే విద్య పరిపక్వమయ్యేవరకు ఆగాలన్నది ప్రస్తుత విధానం. 1979లో ప్రజలకు తెరిచిన ఈ మ్యూజియం ఉన్న సమాధి క్షేత్రాన్ని 1987లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

దారిలో లీషాన్ కొండ దిగువన హ్వాచింగ్ వేడినీటి ఊటలు ఉన్నాయి. టాంగ్ చక్రవర్తి శ్వాన్‌త్సోంగ్, ఆయన ప్రేయసి యాంగ్ గ్వెయ్‌ఫెయ్ స్నానమాడిన రాతి తొట్లు అక్కడ తవ్వకాల్లో బయల్పడ్డాయి. 1936 డిసెంబరు 12న అప్పటి చైనా జాతీయవాద ప్రభుత్వ నేత చియాంగ్ కై షేక్‌ను ఆయన సేనానులే నిర్బంధించి, జపాన్‌పై పోరుకు కమ్యూనిస్టులతో కలవాలని ఒత్తిడి చేసిన ఘటన కూడా అక్కడే జరిగింది.

పాత పునాదుల మీద కొత్త నగరం

టాంగ్ చక్రవర్తుల నివాసమైన దామింగ్ రాజప్రాసాదం మూడు చదరపు కిలోమీటర్లకు పైబడిన ఆవరణ. భవనాలు లేకపోయినా పునాదులు మిగిలాయి. 2010లో ఆ ప్రదేశాన్ని పురావస్తు ఉద్యానంగా తెరిచినప్పుడు, దాన్‌ఫెంగ్ ద్వారపు శిథిలాల మీద రక్షణ కవచంగా ఒక పెద్ద ద్వారరూపం నిర్మించారు. దాని ఆకారం టాంగ్ శైలిది, లోపలి చట్రం ఉక్కుది. పైనుంచి కిందివరకు ఒకే మట్టిరంగు వేయడం వల్ల ఇది పాత కట్టడం కాదని చూడగానే తెలుస్తుంది. అదే ఏడాది తెరిచిన పడమటి అంగడి మ్యూజియంలో గాజు నేల కింద ఆనాటి కూడలి, మురుగు కాలువ, బండి చక్రాల గాడులు యథాస్థానంలో ఉన్నాయి.

దాన్‌ఫెంగ్ ద్వారాన్ని రూపొందించిన వాస్తుశిల్పి జాంగ్ జిన్‌చియు ఆధునిక షియాన్ రూపురేఖలను తీర్చినవారిలో అగ్రగణ్యురాలు. 1991లో తెరిచిన షాన్షీ చరిత్ర మ్యూజియం ఆమె కృతి. విశాలమైన చూరులు, సమతూకంతో అమరిన మంటపాలు టాంగ్ ప్రాసాదాలను గుర్తుకు తెచ్చినా, నిర్మాణం కాంక్రీటుతో, రంగులు తెలుపు, బూడిద, గోధుమ వర్ణాల్లో ఉంటాయి. 1970లో నగరంలోని హెజియా గ్రామంలో దొరికిన టాంగ్ కాలపు బంగారు, వెండి పాత్రల నిధి, అందులోని జంతువు తల ఆకారపు అకీకు రాతి పానపాత్ర ఈ మ్యూజియంలోని ముఖ్య ఆకర్షణలు. 2005లో తెరిచిన టాంగ్ ఉద్యానవనం, 2011 ఉద్యాన ప్రదర్శన కోసం గాజుతో, ఉక్కుతో పగోడా ఆకారంలో కట్టిన చాంగాన్ గోపురం కూడా ఆమె రూపకల్పనలే.

పెద్ద హంస పగోడాకు ఉత్తరాన సంగీతానికి లయగా ఎగసే ఫౌంటెన్ల మైదానం, దక్షిణాన సుమారు రెండు కిలోమీటర్ల పాదచారుల వీధి ఉన్నాయి. చీకటి పడ్డాక వేల దీపాలతో వెలిగే ఈ వీధిలో యువతీయువకులు ప్రాచీన వేషధారణతో తిరుగుతూ ఫొటోలు దిగుతారు. ఈ వీధిలో పురాతనమైనది ఒక్కటీ లేదు. అయినా తమ గతాన్ని ఒక తరం ఇష్టంగా ధరించి అనుభవిస్తున్న తీరు కూడా చూడదగినదే.

అన్నిటికంటే కష్టమైన ఆధునిక నిర్మాణం కంటికి కనిపించనిది. 2011 సెప్టెంబరులో తొలి మెట్రో మార్గం నడవడానికి ముందు, దారి పొడవునా పురావస్తు పరిశీలన జరపవలసి వచ్చింది. క్రమసంఖ్య ప్రకారం రెండవదైన, ఉత్తర దక్షిణాలుగా సాగే ఆ మార్గం గంట బురుజు కిందుగా నేరుగా పోకుండా, రెండు సొరంగాలుగా చీలి చెరొక పక్క నుంచి చుట్టుకుపోతుంది. రైళ్ల ప్రకంపనలు పాత కలపకు చేరకుండా పట్టాల కింద అదనపు ఏర్పాట్లు చేశారు. ప్రతి స్టేషన్‌కూ ఆ ప్రాంతపు గుర్తుతో ప్రత్యేక చిహ్నం ఉండటం వల్ల చైనా లిపి రానివారికి కూడా స్టేషన్‌ను పోల్చుకోవడం తేలిక.

చూసే క్రమం, సౌకర్యాలు

మార్చి నుంచి మే, సెప్టెంబరు నుంచి నవంబరు వరకు వాతావరణం అనుకూలం. వేసవి ఎండ తీవ్రం, చలికాలం పొడిగా, మంచుపొగతో ఉంటుంది. అక్టోబరు మొదటి వారంలో జాతీయ సెలవుల రద్దీ విపరీతం కనుక ఆ రోజులు మానుకోవడం మేలు. ప్రధాన మ్యూజియంలకు పాస్‌పోర్టు వివరాలతో ముందుగా టికెట్ తీసుకోవాలి. బీజింగ్ నుంచి హైస్పీడ్ రైలులో దాదాపు అయిదు గంటల్లో చేరవచ్చు. మట్టి సైన్యాన్ని చూడటానికి 2020లో మొదలైన తొమ్మిదవ మెట్రో మార్గంలో హ్వాచింగ్ వరకు వెళ్లి, అక్కడినుంచి బస్సు పట్టుకోవచ్చు.

మొదట షాన్షీ చరిత్ర మ్యూజియం చూస్తే రాజవంశాల వరుస మనసులో నిలుస్తుంది. తరువాత కోటగోడ, శాసనాల వనం, మసీదు పేట ఒక రోజుకు, మట్టి సైన్యం, హ్వాచింగ్ ఒక రోజుకు, రెండు పగోడాలు, దామింగ్ ప్రాసాదం ఒక రోజుకు సరిపోతాయి. ముస్లిం పేటలో ‘పావ్‌మో’ అనే భోజనం ప్రసిద్ధం. గుండ్రని గట్టి రొట్టెను వచ్చినవారే గోరంత ముక్కలుగా తుంచి గిన్నెలో వేసి ఇస్తే, వంటవాడు దాన్ని మాంసపు పులుసులో ఉడికించి తెచ్చిస్తాడు. ముక్కలు ఎంత చిన్నవైతే రసం అంత బాగా పడుతుందని స్థానికుల నమ్మకం. వెడల్పాటి గోధుమ నూడుల్స్ మీద మిరపపొడి చల్లి, పైనుంచి సలసల కాగిన నూనె పోసే వంటకం, తాలింపు ఘాటుకు అలవాటుపడ్డ తెలుగువారికి కొత్తగా తోచదు. శాకాహారులు మాంసం, మాంసపు రసం రెండూ వద్దని స్పష్టంగా చెప్పడం అవసరం.

ఇన్ని కట్టడాల నడుమ యాత్రికుడు ప్రతిచోటా వేసుకోవలసిన ప్రశ్న ఒకటే: ఇది ఏ కాలపుది, ఇందులో అసలు ఎంత, మరమ్మతు ఎంత, కొత్తది ఎంత. చిన్న హంస పగోడా విరిగిన శిఖరాన్ని అలాగే ఉంచడం, దాన్‌ఫెంగ్ ద్వారానికి ఒకే రంగు వేయడం, తొలి చక్రవర్తి సమాధిని తెరవకుండా ఆగడం ఈ ప్రశ్నకు షియాన్ నిజాయతీగా ఇచ్చిన జవాబులు. దీపాల వీధిలో మాత్రం ఆ జవాబును చూపరి స్వయంగా వెతుక్కోవాలి. పాత శైలిలో కొత్తగా కట్టడం తప్పు కాదు. కట్టిన తేదీ దాచినప్పుడే అది చరిత్రకు హాని చేస్తుంది. ఏ కట్టడం ముందైనా శాసనంలోని సంవత్సరాన్ని, సమాచార ఫలకంలోని తేదీని చదివాకే ఫొటో తీసుకునే అలవాటు చేసుకుంటే, షియాన్‌లో నేర్చిన ఆ చూపు అమరావతిలోను, గోల్కొండలోను, హంపిలోను కూడా అంతే ఉపయోగపడుతుంది.